మోడు సంగతి తేల్చాకే మాను మీద గాటు

పెరట్లో అక్కర్లేని చెట్టును తీసేసేటప్పుడు అసలు పొరపాటు చాలాసార్లు మొదటి గాటు పెట్టకముందే జరిగిపోతుంది. చెట్టును నేలకు సమంగా కోసేస్తారు, దుంగలు తరలిస్తారు, పని అయిపోయిందనుకుంటారు. నాలుగు రోజులాగి మోడును పెకలిద్దామని చుట్టూ తవ్వితే, పట్టుకుని ఊపడానికి అక్కడ ఏమీ మిగిలి ఉండదు. ఇంకొకరు నడుమెత్తు మోడు వదిలేస్తారు. మోడును పొట్టు చేసే గ్రైండర్ మిషన్ వచ్చాక, ఆ ఎత్తంతా ముందు కోయించుకోండి అంటారు మిషన్ వాళ్లు. చెట్టు కొట్టడం, మోడు తీయడం రెండు వేర్వేరు పనులనుకోవడం వల్ల వచ్చే తిప్పలివి. మోడును ఏం చేయాలో తేలితేనే చెట్టును ఏ ఎత్తులో కోయాలో తెలుస్తుంది.

వేళ్లతో సహా పెకలించాలనుకుంటే నాలుగైదు అడుగుల మాను నిలబడి ఉండాలి. అది మీ చేతిలో మీట. నాలుగడుగుల ఎత్తున తాడు కట్టి 50 కిలోల బలంతో లాగితే మోడు మీద ఎంత ఒత్తిడి పడుతుందో, అర అడుగు ఎత్తున కట్టినప్పుడు అంతే ఒత్తిడి రావాలంటే 400 కిలోలతో లాగాలి. గ్రైండర్ పెట్టించాలంటే దీనికి పూర్తిగా వ్యతిరేకం: నేలకు రెండు మూడంగుళాల్లో కోసేయాలి, లేకపోతే కట్టెగా పనికొచ్చే మానునంతా పొట్టు చేయడానికి మిషన్ తిరుగుతుంది. కలుపుమందు పూసి చంపాలంటే కోత పొట్టిగా, సమతలంగా, అన్నిటికన్నా ముఖ్యంగా అప్పుడే కోసిందై ఉండాలి. కుళ్లబెట్టాలంటే నేలమట్టానికి, వీలైతే ఇంకాస్త కిందికి కోసి మట్టి కప్పేలా ఉండాలి.

ఈ నాలుగింటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ ఓపిక కన్నా ఎక్కువగా చెట్టు జాతి మీద ఆధారపడుతుంది.

కొడితే చచ్చేవి, కొడితే రెచ్చిపోయేవి

కొబ్బరి, తాటి, ఈత లాంటి చెట్లకు పెరుగుదలంతా తలలో ఉన్న ఒక్క మొవ్వులోనే. తల తెగితే ఒంటి మాను చెట్టు అక్కడితో సరి. మోడు చిగురించదు. వేళ్లు కూడా లావు కావు, వేలు మందంలో గుత్తిగా ఉంటాయి. వీటికి మందూ అక్కర్లేదు, మోడును మట్టిలో కప్పి వదిలేసినా పీచుపీచుగా కుళ్లిపోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. మాను మొదట్లో గోధుమరంగు జిగురు కారుతున్నా, అర్ధచంద్రాకారంలో గట్టి పుట్టగొడుగులు కనిపిస్తున్నా అది గానోడెర్మా తెగులు కావచ్చు. ఆ మోడును నేలలో వదిలితే తెగులు పక్క చెట్లకు పాకుతుంది. దాన్ని మాత్రం వేరుగుత్తితో సహా తవ్వి తీయాల్సిందే.

వేప, చింత, మునగ, రావి, మర్రి, సుబాబుల్, యూకలిప్టస్, టేకు, కోనోకార్పస్ వేరే రకం. వీటి మాను మొదట్లో బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలుంటాయి. పైన గుబురు ఉన్నంతకాలం అక్కడి నుంచి వచ్చే హార్మోన్లు వాటిని అణిచి ఉంచుతాయి. గుబురు పోగానే అవి మేలుకుంటాయి. వేళ్లలో దాచిన పిండిపదార్థమంతా వాటికి దొరుకుతుంది. పెద్ద చెట్టును మోయడానికి తయారైన వేళ్లు నాలుగు పిలకలకు తిండి పెడితే ఎలా ఉంటుంది? కొన్ని నెలల్లోనే మనిషి ఎత్తు పొద తయారవుతుంది.

సర్కారు తుమ్మ ఇంకో మెట్టు పైన ఉంటుంది. దాని మొగ్గలు నేలపైనే కాదు, వేరు మెడ దగ్గర మట్టి లోపల కూడా ఉంటాయి. నేలమట్టానికి ఎంత శుభ్రంగా కోసినా మళ్లీ లేస్తుంది. మోడు చుట్టూ తవ్వి, నేల కింద కనీసం ఒక అడుగు లోతున నరికితే ఆ మొగ్గల భాగమంతా బయటికొచ్చి చెట్టు చస్తుంది. మొత్తం వేళ్లను తీయాల్సిన పని లేదు.

ఇక ఆకాశమల్లె, మారేడు లాంటివి వేళ్ల నుంచే పిలకలు వేస్తాయి. వేరుకు దెబ్బ తగిలిన చోటల్లా వేపకూ ఆ గుణం ఉంది. ఈ జాతుల్లో మోడును గ్రైండర్‌తో పొట్టు చేయించినా, పది అడుగుల అవతల పిలక లేస్తుంది. మిషన్ తీసేది మోడునే తప్ప, పరుచుకున్న వేళ్లను కాదు. వీటికి మోడు బతికుండగానే మందు పూసి, అది వేళ్లలోకి దిగేదాకా ఆగి, తర్వాత మోడును తీయాలి. వరుస తప్పితే మందు లోపలికి వెళ్లే దారే ఉండదు.

గొడ్డలి ఎత్తే ముందు

సొంత పెరట్లోని చెట్టుకైనా చాలా చోట్ల అనుమతి కావాలి. మీ ప్రాంతంలో నిబంధన ఏమిటో ముందే కనుక్కోవాలి. గూళ్లు, తేనెపట్లు, మానులో తొర్రలు చూసుకోవాలి. గూట్లో పిల్లలుంటే పని కొన్నాళ్లు వాయిదా వేయడమే సబబు. కరెంటు తీగ ఏ కొమ్మకు దగ్గరగా ఉన్నా ఆ కొమ్మ సొంతంగా కొట్టే పని కాదు. సరఫరా ఆపించి, ఆ పని తెలిసినవాళ్లతో చేయించాలి. నేల కింద నీటి పైపు, మురుగు గొట్టం, కరెంటు కేబుల్ ఎటు వెళ్తున్నాయో గుర్తులు పెట్టుకోవాలి. చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పైరెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి, గొట్టాలు కూడా సాధారణంగా అక్కడే ఉంటాయి.

గోడ పక్కన పెద్ద చెట్టుంటే ఇంకో లెక్క ఉంది. రేగడి లాంటి బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. ఏళ్ల తరబడి ఆ మట్టిలో నీళ్లు పీలుస్తున్న చెట్టును ఒక్కసారిగా తీసేస్తే, తడి తిరిగి చేరి మట్టి పైకి ఉబ్బుతుంది. దాంతో పునాది కదిలి గోడలు చీలే ప్రమాదం ఉంది. చెట్టు ఇంటికన్నా పాతదైతే ఈ భయం ఎక్కువ. ఎందుకంటే పునాది పడింది ఎండిన మట్టి మీద. అలాంటి చోట కొట్టే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. గోడలోనే మొలిచిన రావి, మర్రి మొక్కల్ని లాగనే కూడదు. వేరుతో పాటు ఇటుకలూ వస్తాయి. మొదట్లో కోసి మందు పూసి, చచ్చాక పగులు పూడ్చాలి.

ఎవరు కొట్టాలి

చెట్టు ఎత్తు 15 నుంచి 20 అడుగుల లోపు, మాను మందం ఎనిమిది అంగుళాల లోపు, చుట్టూ చెట్టు ఎత్తుకు రెండింతల ఖాళీ, తీగలు లేవు, మాను ఇంటివైపు వాలి లేదు. ఈ షరతులన్నీ కుదిరితేనే రంపం వాడకం తెలిసిన మనిషి సొంతంగా దిగవచ్చు. ఒక్కటి తప్పినా అది తాళ్లు కట్టి పైనుంచి ముక్కలుగా దింపే పని. అందుకు ఎక్కడం, దింపడం నేర్చిన మనుషులు కావాలి. లోపల తొలిచిపోయిన మాను అయితే చిన్నదైనా సరే వదిలేయాలి. సుత్తితో తట్టి వింటే గట్టి కలప టక్కుమంటుంది, బోలు మాను డప్పులా మోగుతుంది.

ఎత్తు కొలవడానికి ఒక కర్ర చాలు. చేయి చాచినప్పుడు కంటి నుంచి పిడికిలికి ఎంత దూరమో, పిడికిలి పైన అంతే పొడవు కర్ర నిలువుగా ఉండాలి. అలా పట్టుకుని చదునైన నేల మీద వెనక్కి నడుస్తూ పోతే, కర్ర కొస చెట్టు కొసకూ పిడికిలి చెట్టు మొదలుకూ సరిపోయే చోటు ఒకటి వస్తుంది. అక్కడి నుంచి మానుకు ఎంత దూరమో చెట్టు ఎత్తు అంత. కంటి అంచనా తరచూ తక్కువ చెబుతుంది, అందుకే కొలవాలి.

బరువు విషయంలోనూ కన్ను మోసం చేస్తుంది. ఒక అడుగు మందం, మూడడుగుల పొడవున్న పచ్చి దుంగ దాదాపు 60 కిలోలుంటుంది. మందం ఒకటిన్నర అడుగైతే అదే పొడవు దుంగ 130 కిలోలు దాటుతుంది. కొమ్మ కింద నిలబడి పట్టుకుంటాననే మాట ఎవరూ అనకూడదు.

కొమ్మలు, ఆపైన మాను

చైన్‌సా (మోటారుతో తిరిగే గొలుసు రంపం) వాడితే హెల్మెట్, కళ్లకు జాలీ, చెవులకు రక్షణ, గొలుసును ఆపే పీచు కుట్టిన ప్యాంటు, గట్టి బూట్లు ఉండాల్సిందే. నిచ్చెన మీద నిలబడి చైన్‌సా వాడకూడదు, భుజం దాటిన ఎత్తులో కోయకూడదు. బ్లేడు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం రెప్పపాటులో మొహం మీదికి ఎగురుతుంది. పైకొమ్మలకు పొడవాటి కర్రకు బిగించిన చేతిరంపమే మేలు.

కొమ్మను ఒకే కోతతో పైనుంచి కోస్తే సగంలో విరిగి, కింది బెరడును పొడవునా చీల్చుకుంటూ ఊగి మీ వైపే వస్తుంది. అందుకే మూడు కోతలు. మానుకు ఒక అడుగు అవతల కింది నుంచి పావు వంతు లోతు గాటు. దానికి ఒకటి రెండు అంగుళాలు ఇంకా అవతల పైనుంచి రెండో కోత, కొమ్మ ఇక్కడ తెగి నేరుగా కిందికి పడుతుంది. మిగిలిన మొట్టును మూడో కోతతో తీసేయాలి.

మానును పడగొట్టే సూత్రం తలుపు మడతబందు లాంటిది. ముందువైపు, అంటే చెట్టు పడాల్సిన దిక్కున, మాను మందంలో పావు వంతు లోతుకు నోరు తెరిచినట్టు గాటు తీయాలి. ఎనిమిదంగుళాల మానుకు రెండంగుళాలు. ఆ నోరు 45 డిగ్రీలే తెరిస్తే చెట్టు సగం వాలేసరికి మూసుకుపోయి, బందు (రెండు కోతల మధ్య కోయకుండా వదిలే కలప) అక్కడే తెగుతుంది. ఆ తర్వాత చెట్టు ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. 70 డిగ్రీలు తెరిస్తే దాదాపు నేల తాకేదాకా బందు చెట్టును పట్టి ఉంచుతుంది. గాటు పై కోత, కింది కోత ఒకే గీత దగ్గర కలవాలి. ఒకటి రెండోదాన్ని దాటి లోపలికి పోతే, ఆ సన్నటి చీలిక ముందే మూసుకుని చెట్టు దారి తప్పుతుంది.

తర్వాత వెనకవైపు నుంచి కోత. 45 డిగ్రీల గాటయితే ఈ కోత గాటు మూల కన్నా అంగుళం నుంచి రెండంగుళాలు ఎత్తులో ఉండాలి, 70 డిగ్రీలయితే మూలకు సమంగా ఉన్నా చాలు. రెండు కోతల మధ్య మాను మందంలో పదో వంతు కలపను కోయకుండా వదలాలి. అదే బందు. ఎనిమిదంగుళాల మానుకు అంగుళం లోపే. దీన్ని ఎప్పుడూ పూర్తిగా కోసేయకూడదు. చెట్టు కదలడం లేదని చివరి అంగుళాన్నీ కోసేసినవాళ్ల మీదికే చెట్లు తిరిగి వస్తాయి. చెట్టు వెనక్కి కూర్చుని రంపాన్ని బిగించేయకుండా, కోత కాస్త లోతు దిగగానే ఒక అంచు పల్చగా చెక్కిన చెక్కముక్కను అందులోకి దిగ్గొట్టాలి. బందును మరీ మందంగా వదిలినా, ముందు గాటు చాలినంత లేకపోయినా, ముఖ్యంగా పడే దిక్కుకే బాగా వాలిన చెట్టయితే, మాను నిలువునా చీలి వెనక్కి తన్నుతుంది. అంత బలంగా వాలిన మాను అనుభవం లేనివాళ్ల పని కాదు.

తాడు కట్టేది గాటు పెట్టకముందే, చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర. తాడు పొడవు చెట్టు ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. లేదంటే లాగే మనిషి చెట్టు పడే చోటే నిలబడి లాగుతున్నట్టు. కోసే మనిషికి తప్పుకునే దారి రెండువైపులా ముందే శుభ్రం చేయాలి. అది సూటిగా వెనక్కి కాదు, వెనక్కి ఏటవాలుగా ఉండాలి. పడుతున్న మాను మొదలు ఒక్కోసారి సూటిగా వెనక్కి జారి కొడుతుంది.

మోడును పెకలించాలనుకుంటే కొమ్మలు, పైభాగం అన్నీ తీసేశాక ఈ కోతను నాలుగైదు అడుగుల ఎత్తున, భుజం దాటకుండా పెట్టాలి. పొట్టి మాను కాబట్టి చాలాసార్లు చేతిరంపమే సరిపోతుంది.

పెకలించడం

చేత్తో పెకలించడం ఎనిమిది, పది అంగుళాల మందం వరకు సబబు. ఒకటిన్నర అడుగు దాటితే మనుషుల కష్టం ఫలితానికి సరిపోదు. మధ్యలో ఉన్నవాటికి చేతి వించ్ (ఉక్కుతాడును చుట్టుకుంటూ లాగే సాధనం) కావాలి.

రెండు రోజుల ముందు చుట్టూ బాగా తడిపి, మట్టి మెత్తబడి బంకతనం తగ్గాక మొదలుపెట్టాలి. ఎనిమిదంగుళాల మానుకు రెండడుగుల దూరంలో చుట్టూ గాడి తీయాలి. లోతు అడుగున్నర నుంచి రెండడుగులు. వెడల్పు మాత్రం గొడ్డలి ఊపడానికి చాలినంత ఉండాలి. ఇక్కడ పిసినారితనం చూపించినవాళ్లు తర్వాత ఇరుకు గాడిలో వంగి గంటలు గంటలు అవస్థ పడతారు. వేళ్లు కనపడగానే నరకడం మొదలుపెట్టకూడదు. పైపుతో నీళ్లు కొట్టి మట్టి కడగాలి. వేరుకు అంటిన ఇసుక రేణువులు గొడ్డలి అంచును, రంపం పళ్లను నిమిషాల్లో మొద్దు చేస్తాయి. చైన్‌సాను మట్టిలో దించడమంటే గొలుసును పారేయడమే.

ఒక్కో వేరునూ రెండు చోట్ల నరకాలి: గాడి వెలుపలి అంచు దగ్గర ఒకసారి, మోడు వైపు ఒకసారి. అడుగు పొడవు ముక్క బయటికి రావాలి. ఒక్క చోటే నరికితే తెగిన కొసలు ఒకదానికొకటి ఆని మోడును కదలనివ్వవు, అంత కష్టపడ్డా తెగలేదేమో అనిపిస్తుంది. లాగే దిక్కుకు వెనకవైపున్న వేళ్లను ముందు నరకాలి. మోడును నేలకు బిగించి పట్టుకునేవి అవే.

పైవేళ్లన్నీ తెగాక మానును చేతులతో నెట్టి చూడాలి, కళ్లు మాత్రం గాడిలో ఉండాలి. నెట్టినప్పుడల్లా ఎక్కడ మట్టి సన్నగా పగులుతుందో, ఏ చోట తడి మట్టి పైకి లేచి మళ్లీ కూర్చుంటుందో అక్కడ ఇంకో వేరు దాగి ఉందన్నమాట. మోడు కొంచెం వాలాక బిగుసుకున్న వేరు వీణ తీగలా ఉంటుంది. దాన్ని తాకితే తెలుస్తుంది. దాన్ని నరికేటప్పుడు మోడు వాలే వైపు నిలబడకూడదు. తెగిన క్షణంలో మోడు కదులుతుంది.

తల్లివేరు చివరికి మిగులుతుంది. నిలువుగా దాని దాకా తవ్వనక్కర్లేదు. మానును ఒక వైపుకు పూర్తిగా వంచి, తాడుతో కట్టి ఆపి, తెరుచుకున్న వైపు నుంచి మోడు కిందికి గునపంతో మట్టి తీస్తే వేరు బయటపడుతుంది. అక్కడ నరికితే సరి. కింద మిగిలిన ముక్క చాలా జాతుల్లో చిగురించదు.

వించ్ వాడితే దాన్ని కట్టే ఆధారం మోడుకన్నా గట్టిదై ఉండాలి. ఇంటి స్తంభం, గేటు దిమ్మె ఆధారాలు కావు. బతికున్న పెద్ద చెట్టుకు కడితే బెరడు తెగకుండా వెడల్పు పట్టీ వాడాలి. బిగుసుకున్న ఉక్కుతాడు మధ్యలో తడి గోనెసంచి వేలాడదీయాలి. తాడు తెగితే దాని విసురును గోనె కొంత తగ్గిస్తుంది. తాడు వరుసలో, దాని పక్కన ఎవరూ ఉండకూడదు. వాహనానికి గొలుసు కట్టి కుదుపులతో లాగడం చాలా చోట్ల కనిపించే పద్ధతి, చాలా ప్రమాదకరం కూడా. కుదుపులో పడే బలం గొలుసు, కొక్కెం తట్టుకునే బలాన్ని ఇట్టే దాటేస్తుంది. తెగిన కొక్కెం తూటాలా వస్తుంది.

గోడకు, పునాదికి, గొట్టాలకు దగ్గరగా ఉన్న మోడును పెకలించకూడదు. తవ్వే పెద్ద మిషన్‌తో అసలే వద్దు. వేరు లేచేటప్పుడు దాని మీదున్నదంతా లేస్తుంది. అక్కడికి గ్రైండర్ గానీ, మందు గానీ.

గ్రైండర్

గుండ్రటి చక్రానికి బిగించిన పళ్లు మోడును పొట్టుగా చెక్కుకుంటూ పోతాయి. మోడు చుట్టూ మూడడుగుల మేర రాళ్లు, తీగలు, మేకులు ఏరేయాలి. రాయి తగిలితే పన్ను విరుగుతుంది, రాయి ఎటైనా ఎగురుతుంది. పనిచేసేటప్పుడు కిటికీలకు అడ్డంగా ప్లైవుడ్ నిలబెట్టడం మంచిది. చక్రాన్ని పక్కలకు ఊపుతూ ప్రతిసారీ రెండు మూడంగుళాలు దించుతారు.

ఎంత లోతు అన్నది ముందే చెప్పాలి. పైన గడ్డి పెంచడానికి ఆరు నుంచి ఎనిమిదంగుళాలు చాలు, అక్కడే మొక్క నాటాలంటే కనీసం ఒక అడుగు. పొట్టు గుట్టగా వస్తుంది, మోడు పరిమాణం కన్నా చాలా ఎక్కువ. దాన్ని గుంతలోనే వదిలి మట్టి కప్పడం తేలికగా కనిపిస్తుంది గానీ, అక్కడ వేసిన మొక్క పచ్చదనం కోల్పోయి పసుపుబారుతుంది. పచ్చి కలపను తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి. పొట్టును బయటికి తీసి, ఎదిగిన చెట్ల మొదళ్లలో పైపైన పరచండి. మట్టిలో కలపకుండా పైన ఉన్నంతకాలం అది మేలే చేస్తుంది.

మందు

గ్లైఫోసేట్, ట్రైక్లోపిర్ రెండూ మోడులో వేళ్లదాకా దిగే మందులు. ఫలితం లేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది పూయడం ఆలస్యం చేసినవాళ్లే. కోసిన ఐదారు నిమిషాల్లో పూయాలి. చెట్టు కోతను తనే మూసుకుంటుంది. ఆలస్యమైతే మళ్లీ పల్చగా ఒక బిళ్ల కోసి, రంపపు పొట్టు తుడిచి, తాజా కోత మీద పూయాలి. పూయాల్సింది మధ్యలోని చేవ మీద కాదు. అది చచ్చిన కలప, ఏమీ పీల్చదు. బెరడు లోపలి అంచున, పల్చటి పచ్చిపొర, దాని పక్కనున్న తెల్లచెక్క ఉంటాయి. బ్రష్‌తో ఆ వలయమంతా ఒక చోటా వదలకుండా తడపాలి. మోతాదు సీసా మీద మోడు చికిత్సకు రాసినదే. వాన వచ్చే సూచనలుంటే ఆ రోజు కోతే పెట్టుకోవద్దు.

పక్కన అదే జాతి చెట్టు ఉంటే ఆగి ఆలోచించాలి. ఒకే జాతి చెట్ల వేళ్లు నేలలో అతుక్కుని ఉండవచ్చు, మందు ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతుంది. పిక్లోరామ్, ఇమాజాపైర్ లాంటివి తోటలో వాడనే వద్దు. అవి మట్టిలో కదిలి ఏ సంబంధమూ లేని చెట్ల వేళ్లకూ చేరతాయి.

మందు వద్దనుకునేవాళ్లకు దారి ఉంది, క్రమం తప్పని చేయి కావాలి. పిలక మొదట వేళ్లలోని నిల్వను ఖర్చుపెట్టి పెరుగుతుంది. ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక సంపాదించి తిరిగి వేళ్లకు పంపుతుంది. సంపాదన మొదలుకాకముందే, అంటే జానెడు దాటకుండానే, రెండు మూడు వారాలకోసారి గిల్లేస్తే నిల్వ కరుగుతూ పోతుంది. ఒకటి రెండు ఏడాదులు పట్టవచ్చు. నెలన్నర వదిలేసి ఒకేసారి పొదను నరికితే మాత్రం, వేళ్లు మళ్లీ నిండాక కొత్తగా మొదలుపెట్టినట్టే.

రాగి మేకు కొడితే చెట్టు చస్తుందన్నది వట్టి మాట, చెట్టు ఆ గాయాన్ని మూసేసుకుని బతుకుతుంది. పాదరసం పోయడమూ వద్దు, అది మనుషులకు విషం, తోట దరిదాపులకు రాకూడదు. ఉప్పు పోస్తే మోడుతో పాటు నేల కూడా చెడుతుంది, వానకు కరిగి పక్కలకు పాకుతుంది. కిరోసిన్, పెట్రోలు పోసి కాల్చడం గురించి గట్టిగా చెప్పాలి: పెట్రోలు ఆవిరి భగ్గున పేలుతుంది, ఎండిన వేరు నేల కింద రోజుల తరబడి నివురుగా కాలుతూ పోయి ఊహించని చోట పైకి లేస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు కట్టెల్ని అసలు కాల్చకూడదు, వాటి పొగ కూడా విషమే.

కుళ్లబెట్టడం

తొందర లేని చోట ఇది హాయైన పద్ధతి. మోడు ముందు చచ్చి ఉండాలి. పిలకలు వేస్తున్న మోడు కుళ్లదు. అంగుళం మందం డ్రిల్ బిట్‌తో మూడు నాలుగంగుళాలకొకటి చొప్పున, ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల లోతు రంధ్రాలు చేయాలి. పక్కల నుంచి ఏటవాలుగా కొన్ని చేసి పైవాటితో కలిపితే గాలి ఆడుతుంది. కలపను తినే శిలీంధ్రాలకు తడి, గాలి రెండూ కావాలి. కలపలో నత్రజని చాలా తక్కువ కాబట్టి రంధ్రానికో చెంచా యూరియా గానీ మాగిన పశువుల ఎరువు గానీ వేస్తారు. నిజానికి అంతకన్నా తడి ఆరకుండా చూడటమే ఎక్కువ పనిచేస్తుంది. మట్టి కప్పి, పైన ఆకులు పరిచి, ఎండాకాలం తడుపుతూ ఉండాలి. రంధ్రాల్లో నీళ్లు నిలవకూడదు, గాలి అందక కుళ్లడం ఆగుతుంది. మునగ, బూరుగ లాంటి మెత్తటి కలప ఒకటి రెండేళ్లలో గునపానికి పొడిపొడిగా రాలుతుంది. చింత, తుమ్మ చేవకు చాలా ఏళ్లు పడుతుంది. ఇంటి గోడకు దగ్గరగా ఈ పద్ధతి వద్దు. కుళ్లే మోడు చెదలకు పిలిచి పెట్టిన విందు.

గుంత పూడ్చడం

వేరుముక్కలు, పొట్టు ఏరి, ఆరారు అంగుళాల పొరలుగా మట్టి వేస్తూ, ఒక్కో పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి నింపి తొక్కితే మొదటి వానకే గిన్నెలా దిగుతుంది. చివరికి నేలకన్నా నాలుగైదు అంగుళాలు ఎత్తు ఉంచాలి. నేలలో మిగిలిపోయిన లావు వేళ్లు కుళ్లేకొద్దీ మోడుకు దూరంగా కూడా కాలువల్లా చాళ్లు దిగుతాయి. అందుకే అక్కడ బండలు పరచడం, కాంక్రీటు పోయడం రెండు మూడు వానాకాలాలు గడిచాక పెట్టుకోండి. కొత్త మొక్కను పాత గుంత నడిమధ్య కాకుండా మూడు నాలుగడుగులు జరిపి నాటండి. మొదటి ఏడాది పొడవునా పాత గుబురు నీడ ఎంతమేర పడేదో అంతమేర, ఇంకాస్త అవతల కూడా, నెలకోసారి నడిచి చూడండి. వేరుపిలక వేలంత మందం అయ్యాక లాగితే రాదు. రెండాకులప్పుడైతే తడి మట్టిలోంచి వేరుముక్కతో సహా చేతికొస్తుంది.